నల్ల చుక్క

పొద్దున ఏడింటికే హబ్సిగూడలో దిగి
పొయ్యి వెలిగిస్తాను.
మక్కపిండి, బెల్లం, ఈస్టు, అగరు.
ఇరవై లీటర్ల గంజు, అడుగంటకుండా తిప్పాలి.
తినేవాళ్లు ఈగలు.
"ఈగలకు వండిపెట్టే నౌకరీనా!" అని
ఉప్పల్ బస్సులో ఒకామె నవ్వీ నవ్వీ
దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఇంట్లో ముసిరే ఈగలు కావు.
అరటిపండు మగ్గితే ఎక్కణ్ణుంచో పుట్టుకొచ్చే
ఎర్రకళ్ల నలుసులు.
రెండో అంతస్తులో, కరెంటు పోనివ్వని గదిలో
దూది బిరడాల కింద
నా చేతి వంట తిని బతుకుతాయి.
పది రోజులకో తరం.
నేను చేరిన తొమ్మిదేళ్లలో
ఎన్ని వందల ముత్తవ్వలు పోయారో వాటికి.

ఒకరోజు తహసీన్ మేడం కుర్చీ పక్కకు జరిపి
"చూడండి అనసూయక్కా" అంది.

కందిరీగంటే చూరుకు మట్టిగూడు కట్టేదనుకున్నాను.
ఇది నువ్వుగింజలో సగం లేదు.
సూది దింపింది, ఈగ పిల్ల ఒంట్లో గుడ్డు పెట్టింది,
కాళ్లు తుడుచుకుని పోయింది.
కాకిగూట్లో కోయిల కథ కాదిది.
ఇక్కడ గూడే కూడు.
పిల్ల నా బెల్లం తింటూనే ఉంది.
లోపలిది పొదిగితే
పిల్లను తింటుంది.

"మరి దీనికి దిక్కెవరు?"
"దాని నెత్తురే" అంది.

ఎర్రగా ఉండదట ఆ నెత్తురు, కడుగునీళ్ల రంగు.
అందులో తిరిగే కణాలు గుడ్డును తడిమి
మనది కాదని పోల్చుకుంటాయి.
పేరు తెలీదు, ఇంతకు ముందు చూసిందీ లేదు,
అయినా పోల్చుకుంటాయి.
ఇక గుండ్రటివి సాగి విస్తరాకులవుతాయి,
ఒకదాని మీద ఒకటి అతుక్కుని
పాన్‌డబ్బావాడు కిళ్లీ మడిచినట్టు
గుడ్డును మడిచేస్తాయి.
ఆ పొట్లం నల్లబడుతుంది.
కోసిన వంకాయ నల్లబడేది కూడా
ఇంచుమించు ఇలాగేనట!
ఇన్నేళ్లూ ఉప్పునీళ్లలో వేసి
నేను ఆపుతూ వచ్చింది దీన్నా?

అన్నిసార్లూ గెలవదు.
గుడ్డుతో పాటు విషం కూడా పోసి పోతుంది కందిరీగ,
మడిచే చేతుల్నే చంపే విషం.
అలాంటి సీసాల్లోంచి చివరికి ఎగిరొచ్చేది ఈగ కాదు.
ఆ రోజుల్లో గంజు తోముతూ అనుకుంటాను,
నేను ఎవరికి వండినట్టు?

ఇంకో మాట చెప్పింది మేడం.
కందిరీగ కంటపడితే తల్లి ఈగ
సారా వాసనొచ్చే తిండి వెతికి, గుడ్లు అందులో పెడుతుందట.
ఆ ఘాటు తన పిల్లలకు ఎంతోకొంత పడుతుంది,
పరాయిదానికి పడదు.
నాకు నవ్వు ఆగలేదు.
సీతాఫల్‌మండి కల్లు కాంపౌండులో
గ్లాసులో తేలే ఈ ఈగల్నే
చిటికెనవేలితో తీసి పారేసి తాగేవాడు మా నాయన.
జ్వరమొస్తే మా నాయనమ్మ
మాకూ ఓ గుక్క పట్టేది.
ఆమెను డాక్టరు తిట్టాడు.
ఈగ గురించి పుస్తకంలో రాశారు.

బతికి బయటపడ్డ ఈగ
పొట్టలో నల్ల చుక్కతో తిరుగుతుంది.
శత్రువును బయటికి గెంటే దారి లేదు దానికి,
చచ్చేదాకా మోయడమే.
వెలుగుకెదురుగా సీసా పట్టుకుంటే కనిపిస్తుంది,
పలచటి చర్మం కింద
ఆవగింజ పొట్టంత.

నాకూ ఒకటుంది, తెల్లది.
నౌకరీలో చేరేముందు ఎర్రగడ్డ దవాఖానాలో
ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించాడు డాక్టరు.
"పాతదమ్మా, టీబీ. ఎన్నడో తగిలింది.
ఒళ్లే చుట్టూ గోడ కట్టేసింది."
ఎన్నడని నేను అడగలేదు.
మా ఒంటిగదిలో రాత్రంతా దగ్గేది అమ్మ,
నేను ఆమె పక్కలోనే పడుకునేదాన్ని.
గోడ కట్టడం ఆమె ఒంటికి చాతకాలేదు.

ఇవాళ మేడం లెక్క రాసుకుంది:
ముప్పైలో పదకొండు.
నేను రేపటికి బెల్లం తూచాను.
చెయ్యి జారి కొంచెం ఎక్కువే పడింది.
తీసేశాను.
వాళ్ల లెక్క తప్పకూడదు.